ప్రోటాన్ కోసం పొలం అమ్మాలా? ముందు అది ఎక్కడ ఆగుతుందో చూడండి

పలమనేరు దగ్గర పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అక్క కూతురికి 7 ఏళ్లు. రెండు నెలలుగా పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, నడిస్తే తూలడం. స్కాన్ తీస్తే వెనక మెదడులో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేసి తీసేసి 12 రోజులైంది. బయాప్సీలో మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కేన్సర్ అని వచ్చింది. రేడియేషన్ తప్పదు, వీలైతే ప్రోటాన్ పెట్టించండి అన్నారట డాక్టరు. ప్రోటాన్ అంటే ఏంటి, ఎక్కడ ఉంది, రెండెకరాలు అమ్మైనా పెట్టించాలా, తిరుపతిలో దొరికే మామూలు రేడియేషన్ చాలదా అని ఆయన అడుగుతున్నారు. పెదనాన్నకు ప్రోస్టేట్ కేన్సర్ అట, ఆయనకూ అదే మంచిదని ఎవరో చెప్పారట. పాప పేరున తిరుమల మొక్కు ఒకటి ఉందని చివర్లో రాశారు.

నేను డాక్టర్ని కాను. రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్టుగా 27 ఏళ్లు పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో ఇంటి పట్టున ఉన్నాను. కిరణం ఎటు నుంచి పోవాలి, ఎంత లోతుకు పోవాలి, ఏ అవయవానికి ఎంత తగులుతుంది, ఈ లెక్కలు వేయడమే నా ఉద్యోగం. కాబట్టి మందుల సంగతి వదిలేసి కిరణం సంగతి చెబుతాను.

ముందు మీ టెన్షన్ తగ్గే మాట. మీ మేనకోడలికి ప్రోటాన్ అడగడానికి గట్టి కారణమే ఉంది, డాక్టరు సరిగ్గానే చెప్పారు. అయితే దానికంటే ముఖ్యమైనది తేదీ. ఇక పెదనాన్న కోసం సెంటు భూమి కూడా అమ్మనక్కర్లేదు.

ప్రోటాన్ అంటే పవర్ ఎక్కువున్న రేడియేషన్ అని అందరూ అనుకుంటారు. నన్ను అడిగిన పదిమందిలో తొమ్మిదిమంది అదే అన్నారు. (పదో ఆయన గ్యాస్ ట్రబుల్ మాత్ర చీటీ చూపించి, ఇందులోనూ ప్రోటాన్ అని ఉంది, ఇది వేసుకుంటే చాలదా అన్నాడు. అది ప్రోటాన్ పంప్‌ను ఆపే మందు, కడుపులో యాసిడ్ తగ్గించేది. దీనికీ దానికీ సంబంధం లేదు.) కేన్సర్ కణాన్ని చంపే బలంలో ఎక్స్‌రేకూ ప్రోటాన్‌కూ పెద్ద తేడా లేదు. రెండూ కణంలోని డీఎన్ఏను తెంపుతాయి. ప్రోటాన్ ప్రభావం 10 శాతం ఎక్కువని లెక్కగట్టి, ఆ మేరకు డోసు సర్దుతారు. తేడా అంతా ఆగడంలో ఉంది.

మామూలు రేడియేషన్ అంటే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి వచ్చే ఎక్స్‌రే. అది ఒంట్లోకి పోయాక ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు లోతులోనే గరిష్ఠ స్థాయికి చేరి, అక్కడి నుంచి మెల్లగా తగ్గుతూ పోతుంది. తగ్గుతుందే గానీ ఆగదు. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు గొట్టం ఒక వైపు, ఫిల్ము మరో వైపు ఉంటాయి కదా. కిరణం మనిషిని దాటి అవతలికి వస్తుంది కాబట్టే బొమ్మ పడుతోంది. ట్రీట్‌మెంట్ కిరణం కూడా అంతే. గడ్డకు ముందున్న కండకూ ఇస్తుంది, వెనకున్న కండకూ ఇస్తుంది. అందుకే నాలుగైదు దిక్కుల నుంచి, లేదా చుట్టూ తిప్పుతూ ఇస్తారు. గడ్డ దగ్గర అన్నీ కలిసి ఎక్కువవుతాయి, మిగతా చోట తలా కొంచెం పడుతుంది.

ప్రోటాన్ అలా కాదు. దీపావళికి వేసే తారాజువ్వను గుర్తు చేసుకోండి. పోయే దారిలో సన్నటి గీత, పైకి పోయాక ఒక్కసారి పేలడం, ఆ పైన చీకటి. ప్రోటాన్ హైడ్రోజన్ పరమాణువులోని కేంద్రకం. దానికి బరువుంది, ధన విద్యుదావేశం ఉంది. వేగంగా ఉన్నప్పుడు దారిలోని ఎలక్ట్రాన్లను పెద్దగా కదిలించకుండా దాటిపోతుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న స్టాపుల్లో ఎవరినీ దించదు కదా, అట్లా. వేగం తగ్గేకొద్దీ పల్లెవెలుగు అయిపోతుంది, అడుగడుక్కీ శక్తి దించుతుంది. చివరి కొద్ది మిల్లీమీటర్లలో ఉన్నదంతా కుమ్మరించి ఆగిపోతుంది. ఆ చివరి ఎగుడును బ్రాగ్ శిఖరం అంటారు. విలియం బ్రాగ్ గత శతాబ్దం తొలినాళ్లలో ఆల్ఫా కణాల మీద ప్రయోగాలు చేస్తూ దీన్ని గమనించాడు. దీన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో రాసినవాడు రాబర్ట్ విల్సన్. అంతకు ముందు ఆయన పనిచేసింది లాస్ అలమోస్‌లో, అణుబాంబు తయారీలో. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో మొదటి రోగికి ఇచ్చారు. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రిలోనే యంత్రం పెట్టి రోజూ వైద్యం చేయడం మొదలుపెట్టారు.

ఎంత లోతులో ఆగాలన్నది మన చేతిలో ఉంటుంది. 100 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తి ఇస్తే నీళ్లలో సుమారు ఏడున్నర సెంటీమీటర్లు పోతుంది, 150 ఇస్తే 16 దాకా, 230 ఇస్తే 32 దాటి. ఆ 230 దగ్గర ప్రోటాన్ వేగం కాంతి వేగంలో 60 శాతం దాకా ఉంటుంది. అంత వేగం ఇవ్వడానికి సైక్లోట్రాన్ లాంటి భారీ యంత్రం కావాలి. రోగి చుట్టూ కిరణాన్ని తిప్పే గ్యాంట్రీ మూడంతస్తుల ఎత్తు ఉంటుంది, చుట్టూ రెండు మీటర్లు మించిన కాంక్రీటు గోడలు. ఖర్చంతా అక్కడే. ఇక గడ్డ ఒక చుక్క కాదు, నాలుగైదు సెంటీమీటర్ల ముద్ద. అందుకని శక్తిని మార్చుకుంటూ పొరపొరగా, ఒక్కో పొరలో అయస్కాంతాలతో కిరణాన్ని జరుపుతూ, చుక్కల ముగ్గు వేసినట్టు నింపుతారు. దీన్నే పెన్సిల్ బీమ్ అంటారు. మా రోజుల్లో ఈ పని ఇత్తడి అచ్చులు కోసి చేసేవారని చదువుకున్నాం. ఇప్పుడు అంతా కంప్యూటరే.

ఇప్పుడు పాప సంగతి. మెడుల్లోబ్లాస్టోమా ఉన్నచోట ఉండే గడ్డ కాదు. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగే నీటిలో దాని కణాలు జారి ఎక్కడైనా నాటుకోవచ్చు. అందుకే గడ్డ తీసిన చోటికే కాకుండా మెదడు మొత్తానికీ, వెన్ను మొత్తానికీ రేడియేషన్ ఇస్తారు. వ్యాప్తి లేని సాధారణ రిస్కు పిల్లలకు మెదడుకూ వెన్నుకూ 23.4 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం గ్రే), ఆ తర్వాత గడ్డ ఉన్న చోటికి మాత్రం కలిపి 54 గ్రే దాకా ఇవ్వడం వాడుక. రోజుకు 1.8 చొప్పున 30 రోజులు, వారానికి అయిదు రోజులు, అంటే ఆరు వారాలు. వెన్నులోకి పాకి ఉంటే 36 గ్రే.

వెన్నుకు వీపు వైపు నుంచి ఎక్స్‌రే ఇస్తున్నామనుకోండి. వెన్నుపామును దాటి ఆగదు కాబట్టి థైరాయిడ్, అన్నవాహిక, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు, కింద అండాశయాల దాకా అన్నిటికీ కొంత పోతుంది. 70 ఏళ్ల మనిషికైతే దాన్ని పెద్దగా పట్టించుకోను. 7 ఏళ్ల పాప ఇంకా 60 ఏళ్లు ఆ గుండెతో, ఆ థైరాయిడ్‌తో బతకాలి. రేడియేషన్ తగిలిన ఎదిగే కణాల్లో ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత మరో కేన్సర్ వచ్చే ప్రమాదం పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువ. ప్రోటాన్ అయితే వెన్నుపూస ముందు అంచు దగ్గర ఆగుతుంది. దాని ముందున్న గుండెకూ పేగులకూ దాదాపు ఏమీ పోదు. ట్రీట్‌మెంట్ జరిగే రోజుల్లో వాంతులూ తగ్గుతాయి.

వెన్నుపూసను కూడా వదిలేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఎదిగే పిల్లల్లో కావాలనే వదలరు. పూసలో వెనక సగానికే రేడియేషన్ పడితే ఆ సగం ఎదుగుదల ఆగి, ముందు సగం ఎదిగి, వెన్ను వంగిపోతుంది. అందుకే పూస మొత్తానికీ సమానంగా ఇస్తారు. ఫలితంగా పాప ఎత్తు కొంత తగ్గుతుంది. ప్రోటాన్‌తో ఆ నష్టం పోదు.

ప్రోటాన్ తీర్చలేనివి ఇంకా ఉన్నాయి, కౌన్సెలింగులో తొందరగా దాటేసే మాటలవి. మెదడు మొత్తానికి ఇచ్చే భాగంలో ఏ కిరణమైనా డోసు ఒకటే. చదువులో వేగం తగ్గడం, గ్రోత్ హార్మోన్ తగ్గడం, ఇవి ప్రోటాన్‌తోనూ రావచ్చు. చివరి విడతలో, గడ్డ చోటికి మాత్రమే ఇచ్చేటప్పుడు, చెవి లోపలి భాగాన్నీ మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగాన్నీ కొంత కాపాడగలం, లాభం అక్కడ. తర్వాత ఇచ్చే సిస్‌ప్లాటిన్ మందు కూడా వినికిడిని దెబ్బతీస్తుంది కాబట్టి చెవికి ఎంత తగ్గిస్తే అంత మంచిది. జబ్బు నయం కావడంలో మాత్రం రెండిటికీ తేడా లేదు. సాధారణ రిస్కు పిల్లల్లో 10 మందికి 8 మంది దాకా అయిదేళ్లు దాటుతున్నారు, ఎక్స్‌రేతో అయినా ప్రోటాన్‌తో అయినా. మీరు పొలం అమ్మి కొనేది పాప ప్రాణం కాదు తమ్ముడూ, పాపకు ముప్పై, నలభై ఏళ్లు వచ్చినప్పటి ఆరోగ్యం. అది చిన్న సంగతేం కాదు. కానీ కొనలేకపోతే బిడ్డను చేజేతులా పోగొట్టుకున్నామని ఎవరూ కుమిలిపోకూడదు.

తేదీ సంగతి అన్నాను కదా. ఈ జబ్బులో ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలవ్వాలి. ఏడు వారాలు దాటితే ఫలితాలు తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. నా సర్వీసులో పీలేరు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్ద ఊరిలో ఇంకా గొప్ప యంత్రం ఉందని విని, భూమి బేరం కుదిరి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగారు. రెండున్నర నెలలు. మళ్లీ స్కాన్ తీసేసరికి గడ్డ తిరిగి వచ్చింది. ఆ తండ్రి నా ముందు కూర్చుని పాస్‌బుక్ తిప్పుతూ ఉండిపోయాడు. అప్పటి నుంచి పొలం మాట ఎవరు ఎత్తినా నేను మొదట అడిగేది ఆపరేషన్ ఏ రోజు జరిగిందని.

మీకు 12 రోజులు అయిపోయాయి. కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి కాకుండా అన్నీ ఒకేసారి నడిపించండి. ప్రోటాన్ మన దేశంలో రెండు చోట్ల ఉంది. ఒకటి చెన్నై తరమణిలోని అపోలో ప్రోటాన్ కేన్సర్ సెంటర్, 2019 జనవరిలో మొదలైంది, దక్షిణాసియాలో మొదటిది. రెండోది నవీ ముంబై ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి వాళ్ల ఆక్ట్రెక్ ప్రాంగణంలో ఉంది, 2023లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. వేలూరు సీఎంసీలోనూ లేదు. ట్రూబీమ్, టోమోథెరపీ, సైబర్‌నైఫ్ అని బోర్డులు కనబడతాయి, అవన్నీ మంచి యంత్రాలే, కానీ ఎక్స్‌రే యంత్రాలు. గామా నైఫ్‌లో ఉండేది కోబాల్ట్. ఎవరైనా హైదరాబాద్‌లో ప్రోటాన్ ఉందంటే యంత్రం పేరు రాసివ్వమనండి.

చెన్నై మనకు దగ్గర. తిరుపతిలో సప్తగిరి రైలు ఎక్కితే మూడున్నర గంటలు. అయినా రోజూ పోయి రావడం పసిబిడ్డతో అయ్యే పని కాదు, ఆసుపత్రికి దగ్గర్లో రెండు నెలలకు గది తీసుకోవాలి. అడ్మిట్ కావాల్సిన పని ఉండదు. రోజూ అరగంట, ముప్పావు గంట పని. అందులో పడుకోబెట్టి సరిచూసుకోవడానికే ఎక్కువ సేపు పడుతుంది, కిరణం పడేది కొద్ది నిమిషాలు. నొప్పి ఉండదు, ఒళ్లు వేడెక్కదు. మూడు, నాలుగేళ్ల పిల్లలకైతే రోజూ మత్తు ఇవ్వాలి. ఏడేళ్ల పాపకు ముందు రెండు మూడు రోజులు అలవాటు చేస్తే చాలాసార్లు మత్తు అక్కర్లేకుండా పడుకుంటుంది.

ఖర్చు విషయంలో, ప్రైవేటులో ప్రోటాన్ అంటే పదుల లక్షల్లో ఆలోచించుకోవాలి, మామూలు రేడియేషన్‌కు ఎన్నో రెట్లు. టాటా మెమోరియల్ అణుశక్తి శాఖ కింద నడిచే సంస్థ. అక్కడ ఖర్చు బాగా తక్కువ, పేద పిల్లలకు సాయం చేసే ఏర్పాటూ ఉంది. వెళ్లగానే మెడికల్ సోషల్ వర్కర్‌ను కలవండి. అదే ఖార్‌ఘర్‌లో సెయింట్ జ్యూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్లు కేన్సర్ పిల్లలకూ తల్లిదండ్రులకూ ఉచితంగా వసతి ఇస్తారు. భాష కష్టమే, కానీ చెన్నై నుంచి ముంబై పోయే రైళ్లు రేణిగుంటలో ఆగుతాయి, ఒక పగలూ ఒక రాత్రీ అనుకోండి. నన్నడిగితే, పొలం మాటకు ముందు ఖార్‌ఘర్ గేటు తట్టాలి. పిల్లల కేసుకు, అందులోనూ వెన్ను మొత్తానికి ఇచ్చే కేసుకు, ప్రోటాన్ కేంద్రాలు ముందు వరస ఇస్తాయి. ప్రోస్టేట్‌కు ఇవ్వవు.

ఎన్టీఆర్ వైద్య సేవలో మామూలు రేడియేషన్‌కు ప్యాకేజీలు ఉన్నాయి. ప్రోటాన్‌కు ఎంత వస్తుందో మీ ఆసుపత్రి వైద్యమిత్రను కాగితం మీద అడగండి, నోటిమాట పనికిరాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోండి. ట్రీట్‌మెంట్ మొదలు కాకముందు అయితే ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి రాసిచ్చే హామీ పత్రం) అడగాలి, తర్వాత అయితే బిల్లులతో తిరగాలి, అది వేరే నరకం.

ఈ రెండు చోట్లకూ కాగితాలు పంపిన రోజే తిరుపతిలోనూ పేరు రాయించండి. స్విమ్స్‌లో రేడియేషన్ విభాగం ఉంది. జూపార్క్ రోడ్డులో టాటా ట్రస్ట్స్ వాళ్లు కట్టిన స్వీకార్ ఆసుపత్రి 2022 నుంచి నడుస్తోంది. పలమనేరు నుంచి మీకు వేలూరు సీఎంసీ కూడా పెద్ద దూరం కాదు. ఆపరేషన్ అయిన అయిదో వారానికల్లా ప్రోటాన్ తేదీ చేతికి రాకపోతే, వీటిలో ఒకచోట ఎక్స్‌రేతో మొదలుపెట్టేయండి. ఇప్పటి ఎక్స్‌రే యంత్రాలు పాతవాటిలాంటివి కావు. ఎందరో పిల్లలు దాంతోనే పెద్దవాళ్లై పెళ్లిళ్లు చేసుకున్నారు.

పంపాల్సినవి: ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, దాని మైనపు బ్లాకులూ స్లైడులూ, ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌ఐ, ఆపరేషన్ అయిన 72 గంటల లోపు తీసిన ఎంఆర్‌ఐ. ఇవి ఫిల్ములుగా కాదు, సీడీలో కావాలి. గడ్డ ఎంత మిగిలిందో ఆ రెండో ఎంఆర్‌ఐలోనే తెలుస్తుంది. వెన్ను ఎంఆర్‌ఐ సంగతి మీరు రాయలేదు. అది తీయకపోతే వెంటనే తీయించండి. వెన్ను నీటి పరీక్ష మాత్రం ఆపరేషన్ అయిన రెండు వారాల తర్వాతే చేస్తారు. ఈ రెండూ లేకుండా 23.4 ఇవ్వాలా 36 ఇవ్వాలా అన్నది ఎవరూ చెప్పలేరు.

డాక్టరును అడగాల్సిన ప్రశ్న కూడా చెబుతాను. ప్రోటాన్ మంచిదా అని అడిగితే మంచిదనే అంటారు. కిరణం ఆగిన చోటు తర్వాత ఏముంది, దాన్ని కాపాడితే ఈ రోగికి ఏం మిగులుతుంది అని అడగండి. వీలైతే రెండు ప్లాన్లూ పక్కపక్కన చూపించమనండి. చెవికి ఎంత, గుండెకు ఎంత అని అంకెలు అందులోనే ఉంటాయి.

పెదనాన్నకు ఆ ప్రశ్నే వేసి చూడండి. ప్రోస్టేట్ వెనక పెద్దపేగు చివర భాగం, పైన మూత్రాశయం ఉంటాయి, రెండూ గ్రంథికి అతుక్కునే ఉంటాయి, ఏ కిరణంతోనైనా వాటి అంచులకు కొంత తప్పదు. అమెరికాలో 450 మంది మగవాళ్లను రెండు గుంపులు చేసి ఒకరికి ప్రోటాన్, ఇంకొకరికి ఎక్స్‌రే ఇచ్చి చూశారు. 2024లో బయటికి వచ్చిన ఫలితాల్లో పేగు ఇబ్బందుల్లో గానీ జబ్బు అదుపులో గానీ తేడా కనబడలేదు. ఆయనకు తిరుపతిలో ఎక్స్‌రే చాలు. పుర్రె అడుగున వచ్చే కార్డోమా అనే గడ్డ, కంట్లో వచ్చే మెలనోమా అనే కేన్సర్, ఒకసారి రేడియేషన్ ఇచ్చిన చోటే మళ్లీ ఇవ్వాల్సి రావడం, అలాంటివాటికి ప్రోటాన్ కోసం పరుగెత్తాలి. రక్త కేన్సర్‌కూ, ఒళ్లంతా పాకిన కేన్సర్‌కూ దానితో పనిలేదు.

కచ్చితంగా ఆగడం అనేదానికి వెనక ఒక బెంగ కూడా ఉంది, అది మా వృత్తి వాళ్లది. ఎక్కడ ఆగుతుందన్న లెక్కలో మూడు శాతం దాకా తప్పు ఉండొచ్చు. పది సెంటీమీటర్ల లోతులో అది మూడు మిల్లీమీటర్లు. ఎక్స్‌రేతో మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే డోసు కొంచెం మారుతుంది. ప్రోటాన్‌తో అయితే ఒక చోట పూర్తిగా పడుతుంది, ఇంకో చోట అసలు పడదు. అందుకే పాప బరువు తగ్గితే, జలుబు చేసి ముక్కు పక్కన గదుల్లో నీరు చేరితే, మళ్లీ సీటీ తీసి ప్లాన్ మారుస్తారు. మళ్లీ స్కాన్ అన్నారని కంగారు పడొద్దు, బిల్లు కోసమనీ అనుకోవద్దు.

చివరగా మొక్కు. పాప తలనీలాలు ఇస్తామని మీ అమ్మగారు మొక్కుకున్నారని రాశారు. మెదడు మొత్తానికి రేడియేషన్ మొదలైన రెండు మూడు వారాల్లో జుట్టు ఎలాగూ రాలిపోతుంది, చాలామంది తల్లులు అంతకు ముందే స్వామికి ఇచ్చేద్దామంటారు. నాకు అభ్యంతరం లేదు, కానీ ఒక సాంకేతిక చిక్కు ఉంది. తల కదలకుండా వేడి ప్లాస్టిక్ జల్లెడతో ముఖానికి మాస్క్ చేస్తారు. అది ఆ రోజు ఉన్న తలకు సరిపోయేలా బిగుస్తుంది. మాస్క్ చేశాక గుండు కొట్టిస్తే తల లోపల కదులుతుంది, మాస్క్, సీటీ, ప్లాన్ అన్నీ మొదటికి వస్తాయి, ఒక వారం పోతుంది. మీ దగ్గర ఆ వారం లేదు. ఆపరేషన్ గాయం మానిందని సర్జన్ చెబితే మాస్క్ తేదీకి ముందే ఇచ్చేయండి. మానలేదంటే వైద్యం అంతా అయ్యాక, మళ్లీ మొలిచిన జుట్టు ఇవ్వండి. మాస్క్ అయ్యాక మాత్రం తలకు కత్తెర కూడా తగలనివ్వొద్దని అమ్మగారితో చెప్పండి.